లోన్ స్టార్ మిషన్

అమెరికాలోని బాప్టిస్టు సంఘాల విరాళాలతో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో నడిచిన తెలుగు మిషన్. మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డా, చాలాకాలం ఫలితాలు అంతంతమాత్రమే. దీన్ని మూసేయాలన్న ప్రతిపాదన 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన బాప్టిస్టుల సభలో చర్చకు వచ్చి వీగిపోయింది.

1866లో ఒంగోలు చేరిన మిషనరీ జాన్ క్లౌ కాలంలో కథ మారింది. అయితే మార్పుకు అసలు మూలం దొర ఒక్కడే కాదు. యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దలు తమ చుట్టరికాల దారిలో ఊరూరా తిరిగి సంఘాలను నిలబెట్టారు. దూరదేశపు డబ్బు చేయలేని పని అది.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఇలాంటి నిగ్రహం మిషన్ల చరిత్రలో అరుదు. పని ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలే.