కీమో తర్వాత ఆగిన నెలసరి: సూదుల వైద్యంతో తిరిగి వస్తుందా?

క్యాన్సర్‌కి కీమోథెరపీ చేయించుకున్న ఆడవాళ్లలో చాలామందికి నెలసరి ఆగిపోతుంది. పెళ్లి కావాల్సిన అమ్మాయికైనా, పిల్లల కోసం చూస్తున్న ఇల్లాలికైనా ఇది చిన్న విషయం కాదు. ‘చెడు రక్తం లోపలే ఉండిపోతోంది’ అన్న భయం ఒకవైపు, ‘గొడ్రాలు’ అన్న మాట మరోవైపు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు ఆక్యుపంక్చర్ పేరు చెబుతారు. కాకినాడ చుట్టుపక్కల పేటల్లో పనిచేసే కార్యకర్తలకు, విద్యార్థులకు ఈ విషయంలో కనీసం తెలిసి ఉండాల్సిన సంగతులు ఇవి.

ఎందుకు ఆగుతుంది?

ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో అండాల నిల్వ ఉంటుంది. తర్వాత అది తరగడమే తప్ప పెరగదు. కీమో మందులు వేగంగా పెరిగే కణాలను చంపుతాయి. ఆ దెబ్బ పెరుగుతున్న అండాలకూ తగులుతుంది. రొమ్ము క్యాన్సర్‌లో ఎక్కువగా వాడే సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందులు నిల్వలో ఉన్న అండాలను కూడా దెబ్బతీస్తాయి. నిల్వ మిగిలితే నెలసరి కొన్ని నెలలకో, ఏడాది రెండేళ్లకో తిరిగి వస్తుంది. మిగలకపోతే రాదు. వయసు 40 దాటినవారిలో శాశ్వతంగా ఆగిపోయే అవకాశం ఎక్కువ.

రక్తం లోపల పేరుకుపోవడం ఇక్కడ జరగదు. అండాశయాలు హార్మోన్లు విడుదల చేయకపోవడంతో గర్భసంచి లోపలి పొర మందంగా పెరగదు, కాబట్టి బయటికి రావడానికి ఏమీ ఉండదు. దీన్ని మైలతోనో పాపంతోనో ముడిపెట్టేవాళ్లకు చెప్పాల్సిన మొదటి మాట ఇదే.

సూదులు ఏం చేయగలవు?

కీమో వల్ల వచ్చే వికారం, వాంతులు తగ్గడానికి, ఒంట్లోంచి ఆవిర్లు రావడం తగ్గడానికి ఆక్యుపంక్చర్ కొంత ఉపయోగపడుతుందని కొన్ని అధ్యయనాలు చూపాయి. కానీ చనిపోయిన అండాలను అది తిరిగి పుట్టించలేదు. కీమో తర్వాత ఆగిన నెలసరిని తెప్పిస్తుందనడానికి నమ్మదగిన రుజువు లేదు. దగ్గరి విషయాల్లో జరిగిన పెద్ద పరీక్షలు కూడా ఆశ పెట్టలేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఐవీఎఫ్ చేయించుకుంటున్న 848 మంది మహిళలపై జరిపిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. నిజమైన సూదులు వేసినవారిలో 18.3 శాతం మందికి, ఉత్తుత్తి సూదులు వేసినవారిలో 17.8 శాతం మందికి బిడ్డలు పుట్టారు. తేడా లేనట్టే.

మరి ‘సూదులు వేయించుకున్నాక నాకు వచ్చింది’ అని చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? కాదు. చిన్న వయసువారిలో చాలామందికి ఏ వైద్యం లేకుండానే నెలసరి తిరిగి వస్తుంది. ఆ నెలల్లో ఏది చేయించుకుంటే దానికే పేరు వస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 2019లో ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించిన మాట నిజమే. ఆ గుర్తింపు ఏ ఒక్క జబ్బుకీ గ్యారంటీ కాదు.

ప్రమాదం ఎక్కడ?

కీమో నడుస్తున్నప్పుడు తెల్ల రక్తకణాలు తగ్గితే సూది పోటు నుంచి ఇన్ఫెక్షన్ రావచ్చు. ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తం ఆగదు. చంకలో గడ్డలు తీసేసిన వైపు చేతికి సూదులు వేయించుకోకపోవడమే మంచిది.

మెడికల్ షాపులో ఇచ్చే ‘నెలసరి వచ్చే మాత్రలు’ హార్మోన్లు. హార్మోన్లతో పెరిగే రకం రొమ్ము క్యాన్సర్ ఉన్నవారు క్యాన్సర్ డాక్టర్‌ను అడగకుండా వాటిని మింగకూడదు. ఏడాది పాటు నెలసరి లేక, తర్వాత రక్తం కనిపిస్తే ‘వైద్యం పనిచేసింది’ అని సంబరపడకుండా పరీక్ష చేయించాలి. టామోక్సిఫెన్ మాత్ర వాడేవారికి ఇది మరీ ముఖ్యం. నెలసరి లేకపోయినా గర్భం రావచ్చు కాబట్టి జాగ్రత్తలు మానకూడదు.

మాయ ప్రకటనల నిరోధానికి తెచ్చిన 1954 చట్టం నెలసరి లోపాలను సరిచేస్తామని, క్యాన్సర్ నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధిస్తుంది. కరపత్రాలు, బోర్డులు చూసినప్పుడు ఇది గుర్తుండాలి.

అసలు అవకాశం కీమోకి ముందే

కీమోకి ముందు మొదలుపెట్టి నెలకొకసారి ఇచ్చే గోసెరెలిన్ ఇంజెక్షన్ అండాశయాలను నిద్రపుచ్చుతుంది. హార్మోన్లతో సంబంధం లేని రొమ్ము క్యాన్సర్ ఉన్న మహిళలపై జరిగిన పరీక్ష 2015లో అచ్చయింది. రెండేళ్ల తర్వాత అండాశయాలు పనిచేయనివారు ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 8 శాతం, తీసుకోనివారిలో 22 శాతం. అండాలు తీసి భద్రపరిచే పద్ధతీ ఉంది, కానీ దాని ఖర్చు కూలీ కుటుంబానికి అందదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, క్యాన్సర్ చికిత్స ఖర్చు భరిస్తుంది. ప్రాణం నిలబెట్టే వైద్యం పథకంలో దొరుకుతోంది. బిడ్డను కనే అవకాశం నిలబెట్టుకోవాలంటే మాత్రం డబ్బుండాలి. పైగా, అలాంటి అవకాశం ఒకటి ఉందని చదువులేని దళిత మహిళకు ముందుగా ఎవరు చెబుతున్నారు? చెప్పకపోవడం కూడా వివక్షే.

ఆంధ్రప్రదేశ్‌కి ఈ చరిత్ర కొత్త కాదు. నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, మన రాష్ట్రంలో 8.9 శాతం. అనవసర గర్భసంచి ఆపరేషన్లపై 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. అంతకుముందు, 2008లో సమీరా కోహ్లీ కేసులో, రోగికి తగినంత సమాచారం ఇచ్చి తీసుకున్నదే అసలైన సమ్మతి అని చెప్పింది.

మొదటి కీమోకి ముందు డాక్టర్‌ను అడగాల్సినవి

- ఈ మందుల వల్ల నెలసరి ఆగుతుందా? నా వయసుకి తిరిగి వచ్చే అవకాశం ఎంత?
- అండాశయాలను కాపాడే ఇంజెక్షన్ నాకు పనికొస్తుందా? పథకంలో వస్తుందా?
- నా క్యాన్సర్ హార్మోన్లతో పెరిగేదా?
- అండాల నిల్వ తెలిపే ఏఎంహెచ్ పరీక్ష చేయిస్తారా?
- నెలసరి త్వరగా ఆగిపోతే ఎముకలకు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబులు కేసు షీట్‌లో రాయమని కోరండి. రోగి అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి రెండో అభిప్రాయం కోసం వెళ్లాలంటే కాకినాడ నుంచి దాదాపు 150 కిలోమీటర్లు. ఆ రోజు కూలి పోగొట్టుకుని వెళ్లే మనిషి చేతిలో ఆ కాగితాలు తప్పకుండా ఉండాలి.