స్థానం ఆధారంగా సమాచార శోధన

ఒక ఊరినో, ఒక ప్రాంతాన్నో, భూమ్మీద ఒక బిందువునో పట్టుకుని దానికి సంబంధించిన పత్రాలు, పటాలు, ఫొటోలు, రికార్డులు, సేవల వివరాలు వెతికి తీయడాన్ని స్థానాధారిత సమాచార శోధన అంటారు. మామూలు శోధనలో "ఏమిటి" అన్నదే ప్రశ్న. ఇక్కడ "ఎక్కడ" అన్నది కూడా తోడవుతుంది. ఫోనులో దగ్గర్లోని మందుల షాపు కోసం వెతకడం, జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని సర్వే నంబరు కొట్టి అడంగల్ చూడడం, పాత గెజిటీర్‌లో తాలూకా పేరు పట్టుకుని అక్కడి చెరువుల వివరాలు చదవడం ఇవన్నీ దీని కిందికే వస్తాయి.

ఈ పని అంతా ఉపగ్రహాలు, జీపీఎస్ చూసుకుంటాయని చాలామంది అనుకుంటారు. బిందువు ఎక్కడుందో తేల్చడం నిజంగానే ఇప్పుడు సులువు. కష్టమంతా పేర్ల దగ్గర ఉంది. మనుషులు అక్షాంశ రేఖాంశాలతో మాట్లాడరు, రాయరు. పేర్లతో రాస్తారు. ఆ పేర్లు మారతాయి, పదిచోట్ల ఒకటే ఉంటాయి, మనుషులకూ ఊళ్లకూ కలిసిపోతాయి. అందువల్ల ఏ శోధన వ్యవస్థ అయినా దాని వెనకున్న స్థలనామాల జాబితా ఎంత బాగుంటే అంత బాగుంటుంది.

చరిత్ర

సమాచారాన్ని ఊరి వారీగా పేర్చిపెట్టడం తెలుగునాట కంప్యూటర్లకు చాలా ముందు నుంచీ ఉంది. గ్రామ కరణాల దగ్గర ఊరి సంగతులు రాసిపెట్టిన దండకవిలెలు ఉండేవి. పద్దెనిమిదో శతాబ్దం చివర, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కాలిన్ మెకంజీ సేకరణ మొదలుపెట్టినప్పుడు వాటిలోని సంగతులు కైఫియతుల్లోకి చేరాయి. మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో మరణించాడు. ఆయన తరఫున ఊరూరా తిరిగి, పెద్దలను అడిగి, శాసనాలు నకలు చేసుకున్నవారిలో ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ముఖ్యులు. ఒక్కో కైఫియతు ఒక్కో ఊరిది. ఊరు ఎలా పుట్టింది, గుడి ఎవరు కట్టారు, ఏ దొరతనం తర్వాత ఏ దొరతనం వచ్చింది, మాన్యాలు ఎవరివి అన్న వివరాలన్నీ ఆ ఊరి పేరు కిందే ఉంటాయి. వెంకట రామస్వామి 1828లో దక్కను పట్టణాల గురించి, ప్రదేశాల గురించి ఇంగ్లిషులో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. స్థలం పేరుతో సమాచారం వెతుక్కునే వీలున్న తొలినాటి అచ్చు పుస్తకాల్లో దాన్ని లెక్కించడం న్యాయం.

తర్వాత గెజిటీర్ల కాలం. విలియం విల్సన్ హంటర్ పర్యవేక్షణలో ఇంపీరియల్ గెజిటీర్ ఆఫ్ ఇండియా 1881లో తొమ్మిది సంపుటాలుగా వెలువడింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో వచ్చిన కొత్త కూర్పు 26 సంపుటాలకు పెరిగింది. జిల్లాలకు విడిగా గెజిటీర్లు వచ్చాయి. గోదావరి జిల్లా గెజిటీర్‌ను ఎఫ్.ఆర్. హెమింగ్వే 1907లో తెచ్చాడు.

కంప్యూటర్ యుగంలో 1994లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా ప్రాంగణంలో మొదలైన అలెగ్జాండ్రియా డిజిటల్ లైబ్రరీ ఒక మలుపు. పటం మీద ఒక దీర్ఘచతురస్రం గీస్తే ఆ పరిధిలోకి వచ్చే పటాలు, వైమానిక చిత్రాలు ముందుకు వచ్చేలా దాన్ని రూపొందించారు. అందులోని స్థలనామ కోశం ప్రతి స్థలానికీ మూడు విషయాలు తప్పనిసరి చేసింది: పేరు, భూమ్మీద అది ఆక్రమించే చోటు, అది ఏ రకం స్థలం అన్నది. 1996లో బర్కిలీ పరిశోధకుడు రే లార్సన్ రాసిన వ్యాసం ఈ రంగానికి విడిగా ఒక గుర్తింపు తెచ్చింది. ఐరోపాలో 2002లో మొదలైన స్పిరిట్ ప్రాజెక్టు, 2005 నుంచి 2008 దాకా జరిగిన జియోక్లెఫ్ పోటీ పరీక్షలు దాన్ని వెబ్ పత్రాలు, వార్తా కథనాల వైపు తీసుకెళ్లాయి.

పేరు నుంచి చోటుకు

ఒక వాక్యంలో స్థలం పేరు ఏదో గుర్తించడం మొదటి మెట్టు. గుర్తించిన పేరు భూమ్మీద ఏ చోటుదో తేల్చడం రెండోది. తెలుగులో మొదటి మెట్టే నిటారుగా ఉంటుంది. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ల పేర్లే. తాళ్లపాక ఊరూ ఉంది, తాళ్లపాక అన్నమయ్యా ఉన్నాడు. గురజాడ కృష్ణా జిల్లాలో ఒక గ్రామం. పత్రికల్లో ఆ మాట కనిపిస్తే మాత్రం తొంభై పాళ్లు అప్పారావు గురించే. దీనికి తోడు విభక్తి మారితే ఊరి పేరు రూపమే మారుతుంది. "కందుకూరి సంత" అన్నప్పుడు కందుకూరు ఊరు. "కందుకూరి పంతులు" అన్నప్పుడు రాజమండ్రిలో పుట్టి పెరిగిన వీరేశలింగం. రెండింట్లోనూ అక్షరాలు అవే. కందుకూరు పట్టణం గురించి అడిగినవారికి వితంతు వివాహాల ఉద్యమం గురించి జవాబు రాకుండా ఉండాలంటే యంత్రం పక్క మాటను కూడా చదవాలి.

రెండో మెట్టు దగ్గర ఒకే పేరున్న ఊళ్లు అడ్డు తగులుతాయి. కొత్తపల్లి, రామాపురం, వెంకటాపురం, లక్ష్మీపురం లాంటి పేర్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలానికొకటి ఉన్నాయా అనిపించేంతగా కనిపిస్తాయి. తెలుగు వికీపీడియా ఇలాంటి పేర్లకు అయోమయ నివృత్తి పేజీలు పెట్టి, ఊరి పేరు పక్కన మండలం పేరు చేర్చి విడదీస్తోంది. పెద్ద ఊళ్లకూ ఈ చిక్కు తప్పలేదు. హైదరాబాద్ పాకిస్తాన్‌లోని సింధ్‌లోనూ ఉంది. నల్లటి మట్టిపాత్రలకు పేరుపడ్డ నిజామాబాద్ ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాలోది. అమరావతి అంటే గుంటూరు పక్కన కృష్ణ ఒడ్డున ఉన్నదీ కావచ్చు, మహారాష్ట్రలోని విదర్భ నగరమూ కావచ్చు. విజయనగరం అని చరిత్ర పుస్తకంలో ఉంటే హంపీ, బస్సు బోర్డు మీద ఉంటే ఉత్తరాంధ్ర.

వీటిని విడదీయడానికి వ్యవస్థలు కొన్ని ఆనవాళ్లు చూస్తాయి. మరేమీ తెలియనప్పుడు జనాభా ఎక్కువున్న ఊరిని ఎంచుకుంటాయి. ఇది చాలాసార్లు పనిచేస్తుంది గానీ చిన్న ఊళ్లకు ఎప్పుడూ అన్యాయమే చేస్తుంది. అదే పత్రంలో పక్కన వచ్చిన ఇతర ఊళ్లను చూడడం మేలైన పద్ధతి. అమరావతితో పాటు తుళ్లూరు, మంగళగిరి కనిపిస్తే సందేహం తీరినట్టే. అకోలా, నాగ్‌పూర్ కనిపిస్తే అది విదర్భలోది.

రోమన్ లిపి ఇంకో తలనొప్పి. పల్లె అన్న ఒక్క మాట ఆంధ్రప్రదేశ్ బోర్డుల మీద ఒక రకంగా, తెలంగాణ బోర్డుల మీద మరో రకంగా ఉంటుంది. ట-త, ల-ళ తేడాలు ఆ లిపిలో పోతాయి. అలా పోయినదాన్ని తిరిగి తెలుగులోకి మార్చే సాఫ్ట్‌వేర్‌లు ఊరివాళ్లే గుర్తుపట్టలేని పేర్లను పటాల మీద పెడుతున్నాయి. చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

కాలంతో మారే హద్దులు

ఊరు కదలకపోయినా దాని చిరునామా మారుతూ ఉంటుంది. భద్రాచలమే మంచి ఉదాహరణ. నిజాం పాలనలో ఉన్న ఆ గోదావరి ఎడమ గట్టు ప్రాంతం 1860లో బ్రిటిషువారికి వెళ్లి, సెంట్రల్ ప్రావిన్సెస్‌లో అప్పర్ గోదావరి జిల్లాలో భాగమైంది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మారింది. తూర్పు గోదావరి జిల్లాలో ఉండగా ఆంధ్ర రాష్ట్రాన్నీ ఆంధ్రప్రదేశ్‌నూ చూసింది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పట్టణం తెలంగాణలో ఉండిపోగా చుట్టుపక్కల పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. కాబట్టి వందేళ్ల కిందటి భద్రాచలం అడవుల గురించి తెలుసుకోవాలనుకునేవారు హైదరాబాద్ సంస్థానపు కాగితాల్లో వెతికితే లాభం లేదు. హెమింగ్వే రాసిన గోదావరి గెజిటీర్ తెరవాలి. శోధన వ్యవస్థకు ఈ సంగతి తెలియాలంటే స్థలనామ కోశంలో ప్రతి హద్దుకూ "ఎప్పటి నుంచి ఎప్పటి దాకా" అన్న తేదీలు ఉండాలి.

తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పుడే కొత్త రకం చిక్కు ఒకటి వచ్చింది. కోనసీమ, పల్నాడు జనం నోట్లో ఎప్పటినుంచో ఉన్న ప్రాంతాలు. జనం వాడుకలో వాటికి గీత గీసిన హద్దులు లేవు. 2022లో అవే జిల్లాల పేర్లయ్యాయి. పాత పల్నాడు అంటే గురజాల, మాచర్ల సీమ. ఇప్పటి పల్నాడు జిల్లాలో నరసరావుపేట, చిలకలూరిపేట కూడా ఉన్నాయి. పల్నాటి వీరచరిత్ర గురించి అడిగినవారికీ పల్నాడు జిల్లా ఆసుపత్రుల గురించి అడిగినవారికీ ఒకే హద్దు వాడితే ఇద్దరిలో ఒకరికి తప్పు జవాబు వస్తుంది. రాయలసీమ, ఉత్తరాంధ్ర, పాతబస్తీ లాంటి పేర్లకు ఇప్పటికీ మసక హద్దులే. వాటిని గీతగా కాకుండా, మధ్యలో చిక్కగానూ అంచుల్లో పలచగానూ ఉండే ప్రాంతాలుగా లెక్కించడమే సరైన దారి.

గళ్లు, సూచికలు

స్థానం తెలిశాక దాని చుట్టుపక్కల ఉన్నవాటిని వేగంగా ఏరాలి. కోట్ల బిందువులకు ఒక్కొక్కదానికి దూరం కొలుస్తూ కూర్చుంటే ఫోను పట్టుకున్న మనిషి విసిగిపోతాడు. అందుకని భూమిని ముందే ముక్కలు చేసి సూచిక తయారుచేస్తారు. 1974లో ఫింకెల్, బెంట్లీ ప్రతిపాదించిన క్వాడ్‌ట్రీ ఒక చదరాన్ని నాలుగుగా, వాటిని మళ్లీ నాలుగుగా విడగొడుతూ పోతుంది. 1984లో ఆంటోనిన్ గట్‌మన్ ఇచ్చిన ఆర్-ట్రీ దగ్గరదగ్గరగా ఉన్న వస్తువులను దీర్ఘచతురస్రాల్లో కట్టగట్టి, వాటిని ఇంకా పెద్ద దీర్ఘచతురస్రాల్లో ఉంచుతుంది. చాలా డేటాబేస్‌లలో నేటికీ నడుస్తున్నది దాని వంశమే.

జియోహాష్ పద్ధతిని కాస్త దగ్గరగా చూడడం అవసరం. గుస్తావో నీమేయర్ 2008లో దీన్ని ప్రజల ముందుకు తెచ్చాడు. రేఖాంశాన్ని సగానికి, అక్షాంశాన్ని సగానికి మార్చి మార్చి కోస్తూ, ఏ సగంలో పడ్డామో రాసుకుంటూ పోతే ఒక అక్షరాల వరస వస్తుంది. వరస ఎంత పొడవైతే గడి అంత చిన్నది. రెండు చోట్ల కోడ్‌లు మొదటి అక్షరాల్లో కలిస్తే అవి ఒకే గడిలో ఉన్నట్టు. చార్మినార్ కోడ్ టి, ఇ, పి, ఎఫ్ అనే అక్షరాలతో మొదలవుతుంది. సికింద్రాబాద్ స్టేషన్‌ది టి, ఇ, పి, జి. రెండు గళ్ల మధ్య గీత సుమారు 17.402 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, నగరం నడిబొడ్డున లక్డీకాపూల్ ప్రాంతం గుండా పోతుంది. ఆ గీతకు అటూ ఇటూ ఎదురెదురుగా ఉన్న రెండు దుకాణాలకు నాలుగో అక్షరం వేరు.

ఇంతకన్నా విచిత్రం తూర్పున ఉంది. 78.75 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర మరింత పెద్ద గీత ఉంది. ఘట్‌కేసర్ దానికి ఇవతల, బీబీనగర్ అవతల. అందువల్ల హైదరాబాద్‌కు, 600 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ముంబైకి మొదటి రెండు అక్షరాలు ఒకటే. ఊరి పక్కనే ఉన్న బీబీనగర్‌కు మాత్రం రెండో అక్షరమే మారిపోతుంది. తగినన్ని అక్షరాలు కలవడం దగ్గరితనానికి రుజువవుతుంది గానీ, కలవకపోవడం దూరానికి రుజువు కాదు. అందుకే జాగ్రత్తగా రాసిన ప్రోగ్రాము అడిగిన గడితో పాటు చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లనూ వెతికి, ఆ తర్వాతే అసలు దూరాలు కొలుస్తుంది. ఉబర్ 2018లో అందరికీ తెరిచిన హెచ్3 పద్ధతి చదరాలకు బదులు షట్కోణాలను వాడుతుంది. షట్కోణానికి పొరుగు గళ్లన్నీ ఇంచుమించు సమాన దూరంలో ఉండడం దాని లాభం.

దగ్గర అంటే ఎంత

ఫలితాల వరసను తేల్చేటప్పుడు అడిగిన మాటకు పత్రం ఎంత సరిపోయింది, అది ఎంత దూరంలో ఉంది అన్న రెండింటినీ కలిపి తూస్తారు. ఎక్కువగా వాడేది గాలిలో సూటి దూరం. గోదావరి జిల్లాల్లో ఈ లెక్క తప్పుతుంది. నరసాపురం రేవులో నిలబడితే సఖినేటిపల్లి ఎదురుగా కనిపిస్తుంది. మధ్యలో వశిష్ట గోదావరి. రేవు దాటించే పంటు నడుస్తున్నప్పుడు అది నది వెడల్పంత దూరం. పంటు ఆగితే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. రాత్రిపూట ఆసుపత్రి కోసం వెతికేవారికి సూటి దూరం చూపించడం ప్రమాదకరం. రోడ్డు దారిని, ఆ వేళకు రేవు నడుస్తుందా లేదా అన్నదాన్ని లెక్కలోకి తీసుకున్న జవాబే జవాబు.

చిరునామా కోడ్‌లు

భారతదేశంలో స్థానానికి అంకెలు ఇచ్చే పద్ధతుల్లో అందరికీ తెలిసింది పిన్‌కోడ్. శ్రీరాం భికాజీ వేలంకర్ రూపొందించిన ఈ ఆరంకెల పద్ధతి 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చింది. 50తో మొదలయ్యేవి తెలంగాణవి, 51 నుంచి 53 వరకు ఆంధ్రప్రదేశ్‌వి. పిన్‌కోడ్ చెప్పేది ఉత్తరం ఏ తపాలా కార్యాలయానికి చేరాలో మాత్రమే. ఆ పరిధిలో పదుల పల్లెలుండొచ్చు.

2025 మేలో తపాలా శాఖ డిజిపిన్ విడుదల చేసింది. ఐఐటీ హైదరాబాద్, హైదరాబాద్‌లోనే ఉన్న ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం దీని తయారీలో పాలుపంచుకున్నాయి. దేశాన్ని 16 గళ్లుగా, ప్రతి గడినీ మళ్లీ 16గా పదిసార్లు విడగొడితే సుమారు నాలుగు మీటర్ల చదరం మిగులుతుంది. ప్రతి చదరానికీ పది అక్షరాల కోడ్. ఇంటి నంబర్లు లేని తండాలకు, పొలం గట్టు మీది షెడ్లకు ఇది నిజంగా మేలు చేయగలదు. అయితే ఒక పాత వార్తలో, ఒక కైఫియతులో ఉన్న ఊరు ఏదో తేల్చడానికి ఇది పనికిరాదు. అక్కడ ఉన్నది పేరే.

గోప్యత

దగ్గరి ఫలితాలు అడగాలంటే మామూలుగా తాను నిలబడ్డ చోటును పంపాల్సి వస్తుంది. రాత్రి పన్నెండింటికి ఫోను ఎక్కడుందో కొన్నాళ్లు గమనిస్తే ఇల్లు తెలిసిపోతుంది, పగటి చోటును బట్టి ఉద్యోగం తెలుస్తుంది. వైద్యుడి దగ్గరికి, గుడికో మసీదుకో వెళ్లడమూ దాగదు. కచ్చితమైన బిందువుకు బదులు పెద్ద గడిని పంపడం ఒక రక్షణ. మందుల షాపు వెతకడానికి అది చాలు.

తెలుగు స్థలనామ కోశాలు

ప్రపంచవ్యాప్తంగా వాడుకలో ఉన్న జియోనేమ్స్‌లో కోటికి పైగా పేర్లున్నాయి. 2004లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా ఊళ్లను, దారులను చేర్చవచ్చు. ఇస్రో 2009లో తెచ్చిన భువన్ ఉపగ్రహ చిత్రాలను అందుబాటులో ఉంచింది. జనగణన జాబితాల్లోనూ, పంచాయతీల జాబితాల్లోనూ ప్రతి గ్రామానికీ ఒక కోడ్ ఉంది. వీటిని ఒకదానితో ఒకటి జతపరిచి, ప్రతి ఊరికీ తెలుగు పేరు, రోమన్ రూపాలు, పాత పేర్లు, వాడుక పేర్లు, మారిన జిల్లాలు ఒకేచోట పెట్టిన కోశమే ఈ రంగంలో తెలుగుకు అన్నిటికన్నా ముందు కావలసింది. మచిలీపట్నానికి బందరు అన్న పేరు, ఆంగ్లేయుల కాగితాల్లోని మసూలిపటాం అన్న రూపం, మహబూబ్‌నగర్‌కు పాలమూరు, శ్రీకాకుళానికి చికాకోల్, విజయవాడకు బెజవాడ అన్నీ అందులో ఉండాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగు పేరుకు, పాత పేరుకు, స్థానిక వాడుకకు వేర్వేరు గళ్లు ఇప్పటికే ఉన్నాయి. ఊరు తెలిసినవారు వాటిని నింపితే చాలు. మరుసటి వెతుకులాటలో ఆ పేరు దొరుకుతుంది.