తార్నాక, ఉస్మానియా ప్రాంగణం

హైదరాబాద్ తూర్పున అడిక్‌మెట్, లాలాగూడ, హబ్సిగూడల నడుమ ఉన్న పేట తార్నాక. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఇది నగరానికి వెలుపలి నేల. అడిక్‌మెట్ ఒకప్పుడు కవయిత్రి మహలఖా బాయి చందా (1768–1824) జాగీరు. ఆమె పేరున ఒక మెట్లబావి ఈ ప్రాంతంలో నేటికీ ఉంది.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో ఫర్మానా ఇవ్వగా, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదట అద్దె భవనాల్లో నడిచిన విద్యాలయానికి అడిక్‌మెట్‌లో సుమారు 1,400 ఎకరాలు కేటాయించారు. స్థల నిర్ణయంలో నగర ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్ సలహా ఉంది. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపమిచ్చిన ఆర్ట్స్ కళాశాలకు 1934 జూలై 5న శంకుస్థాపన జరిగింది. 1939 డిసెంబర్ 4న ప్రారంభమైంది.

ఉస్మానియాలో బోధన ఉర్దూలో సాగింది. సొంత భాషలో ఉన్నత విద్య అన్న ఈ ఆలోచనకు ఊతం జపాన్. సంస్థాన విద్యాశాఖ అధిపతి సయ్యద్ రాస్ మసూద్ 1922లో అక్కడికి వెళ్లి, చదువుల తీరు పరిశీలించి, మరుసటి ఏడు పుస్తకం వెలువరించారు. ఆ దేశపు ఉత్తరాన, సేద్యం కొత్తగా విస్తరిస్తున్న హొక్కైడోలో, 1876లో మొదలైన సప్పోరో వ్యవసాయ కళాశాల తొలుత అమెరికన్ అధ్యాపకుల ఇంగ్లీషు పాఠాలతో నడిచి, క్రమంగా జపనీస్‌కు మారింది. ఉస్మానియా పుట్టిన 1918లోనే అదీ హొక్కైడో ఇంపీరియల్ విశ్వవిద్యాలయమైంది.

ఉస్మానియా అనువాద విభాగం శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. అది నిజంగా గొప్ప కృషి. అయితే జపాన్‌లో రైతు మాట, బడి మాట ఒకటే. ఇక్కడ ప్రజల్లో అధికులు తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడేవారు. తెలంగాణ పల్లె రైతుబిడ్డకు ఉర్దూ కూడా నేర్చుకోవలసిన భాషే. రాయప్రోలు సుబ్బారావు ఆచార్యులుగా తెలుగు శాఖ నడిచినా, తెలుగు పాఠ్యాంశంగానే మిగిలింది, బోధనా భాష కాలేదు. ఈ లోటు చిన్నది కాదు. 1948 తర్వాత ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు తీసుకుంది. డిగ్రీ చదువులకు తెలుగు పాఠ్యపుస్తకాలు తెచ్చే పని 1968లో తెలుగు అకాడమీ ఏర్పడ్డాక ఊపందుకుంది.

విశ్వవిద్యాలయం పక్కన పరిశోధనశాలలు వెలిశాయి. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలిన పోషకాహార పరిశోధనశాల 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. దక్కన్‌లో జొన్నే ప్రధానాహారమైన పేదల్లో కనిపించే పెల్లాగ్రా వ్యాధిపై ఇక్కడి శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో పరిశోధన ప్రచురించారు. జొన్నల్లో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికి ఆ వ్యాధితో సంబంధం ఉందని ప్రతిపాదించారు. తార్నాక చేసిన పనుల్లో రైతు కంచానికి అన్నిటికన్నా దగ్గరిది ఇదే.

ఒకప్పుడు నగరానికి వెలుపలి నేలైన తార్నాక 2017 నవంబర్ నుంచి నాగోలు మార్గంలో ఒక మెట్రో స్టేషన్.