అంతర్జాలంలో కాపీరైట్ ఉల్లంఘనపై ఫిర్యాదు: పెడన ఘటన (2013) – ఒక పరిశీలన

అంతర్జాలంలో తన కృతి అక్రమంగా వ్యాపించినప్పుడు హక్కుదారు ఆశ్రయించదగిన మార్గాలలో సేవాసంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయడం ఒకటి. భారతదేశంలో ఈ పద్ధతికి నియమాలు ఏర్పడిన ఆరు నెలలకే, దాని పరిమితిని తెలియజేసే ఘటన కృష్ణా డెల్టాలో జరిగింది.

1957 నాటి కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52(1)(సి) 2012 సవరణతో ప్రస్తుత రూపం పొందింది. 2013 మార్చిలో వెలువడిన కాపీరైట్ నియమాలలో 75వ నియమం ఫిర్యాదు స్వరూపాన్ని నిర్దేశించింది. కృతి వివరాన్నీ, తన హక్కుకు ఆధారాన్నీ, అక్రమ ప్రతి ఉన్న చోటునూ హక్కుదారు తెలపాలి. న్యాయస్థానంలో దావా వేస్తానని హామీ ఇవ్వాలి. ఫిర్యాదు అందిన 36 గంటలలో సేవాసంస్థ ఆ ప్రతి ఎవరికీ అందకుండా చర్య తీసుకోవాలి. 21 రోజులలో న్యాయస్థానపు ఉత్తర్వు రాకపోతే దానిని పునరుద్ధరించవచ్చు.

అదే ఏడాది సెప్టెంబరులో, ఇంకా విడుదల కాని ‘అత్తారింటికి దారేది’ చిత్రంలో సుమారు 90 నిమిషాల భాగం అంతర్జాలానికెక్కింది. మచిలీపట్నం పొరుగున, కలంకారీ అద్దకానికి పేరొందిన పెడనలో దాని ప్రతులు దుకాణంలో అమ్ముడయ్యాయి. కృష్ణా జిల్లా పోలీసుల దర్యాప్తు అక్కడినుంచి వెనక్కి సాగి, చిత్రనిర్మాణంలో పనిచేసిన సహాయకుని అరెస్టు వరకు వెళ్లింది. అక్టోబరు 9న రావలసిన చిత్రాన్ని సెప్టెంబరు 27ననే విడుదల చేశారు.

75వ నియమం అక్రమ ప్రతికి ఒక స్థిరమైన చిరునామా ఉంటుందని భావిస్తుంది. చేతులు మారే డిస్కుకుగాని, ఫోనులోని మెమరీ కార్డుకుగాని అటువంటి చిరునామా లేదు. సేవాసంస్థకు చేసే ఫిర్యాదు అంతర్జాలంలోని ప్రతిని తొలగించగలదు. అది ఎవరి చేతినుంచి బయటపడిందో తేల్చలేదు. పెడనలో ఆ పని పోలీసు దర్యాప్తు వల్లనే సాధ్యమైంది.

నిర్మాతకు విడుదల తేదీని మార్చుకొనే వీలుంది. గుడివాడలోనో దివిసీమలోనో సొంత ఖర్చుతో పుస్తకం అచ్చువేసుకొన్న రచయితకు ఆ వీలు లేదు. హక్కుదారు తాను నివసించే చోటనే దావా వేయడానికి సెక్షన్ 62 అవకాశమిచ్చింది. 2013 నాటికి ఆ రెండు ప్రాంతాలూ మచిలీపట్నం కేంద్రంగా గల కృష్ణా జిల్లాలోనివే. కనుక రచయితకు ఆటంకం దూరం కాదు. 21 రోజులలో ఉత్తర్వు పొందడానికి అయ్యే వ్యయమూ శ్రమా.

2023లో సినిమాటోగ్రాఫ్ చట్ట సవరణ అనంతరం కేంద్రం నోడల్ అధికారులను నియమించింది. వారు ఆదేశిస్తే 48 గంటలలో మధ్యవర్తి సంస్థలు అక్రమ ప్రతిని తొలగించాలి. ఈ సౌకర్యం చలనచిత్రాలకే పరిమితం. పెడన ఘటన వంటి అనుభవాల తరువాత చలనచిత్రానికి దొరికిన ఈ దగ్గరి దారి పుస్తక రచయితకు నేటికీ దొరకలేదు.