సోనీపత్‌లో వదలని దోమలు: జీన్ డ్రైవ్ చర్చకు ముందు కథ

జీన్ డ్రైవ్ అనగానే మనలో చాలామంది నోట్స్‌ను క్రిస్పర్ దగ్గర మొదలుపెడతారు. ప్రిలిమ్స్‌కు అది చాలు. మెయిన్స్‌లో "ఈ సాంకేతికతను భారత్ అనుమతించవచ్చా?" అని అడిగితే మాత్రం మీకు 1970ల ఢిల్లీ తెలిసి ఉండాలి. ఈ ప్రశ్నను మన దేశం ఒకసారి ఎదుర్కొంది. అప్పుడు జవాబు చెప్పింది శాస్త్రవేత్తలు కాదు, పార్లమెంటు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించిన సంగతి మీకు కొత్త కాదు. 1953లో మొదలైన జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం డీడీటీతో అద్భుతాలు చేసింది. ఏటా ఏడున్నర కోట్ల కేసులుంటాయని అంచనా వేసిన దేశంలో 1965 నాటికి సుమారు లక్షే మిగిలాయి. తర్వాత దోమలు మందుకు అలవాటు పడ్డాయి, పర్యవేక్షణ సడలింది. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి.

పురుగుమందు పనిచేయకపోతే దోమ సంతానోత్పత్తినే దెబ్బకొట్టాలన్న ఆలోచన అప్పటికే ఉంది. 1967లో జర్మన్ శాస్త్రవేత్త హానెస్ లావెన్ బర్మాలోని ఓక్‌పో గ్రామంలో, స్థానిక ఆడదోమలతో కలిసినా పిల్లలు పుట్టని మగ క్యూలెక్స్ దోమలను వదిలి ఆ ఊళ్లో ఆ దోమలను దాదాపు లేకుండా చేశాడు. ఆ ఊపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన ఐసీఎంఆర్ కలిసి ఢిల్లీలో దోమల జన్యు నియంత్రణ యూనిట్‌ను నెలకొల్పాయి. డబ్బు అమెరికాది. పీఎల్-480 గోధుమలకు మనం చెల్లించిన రూపాయలే అలా తిరిగి వచ్చాయి.

ఢిల్లీ చుట్టుపక్కల గ్రామాల్లో వంధ్య మగదోమలను పెద్ద ఎత్తున వదిలారు. మగదోమ కుట్టదు కాబట్టి రోగభయం లేదు. ఫలితం మాత్రం నిరాశపరిచింది. పక్క ఊళ్లలో అప్పటికే జతకట్టిన ఆడదోమలు ఎగిరి వచ్చి ఇక్కడ గుడ్లు పెట్టేవి. ఈ చిక్కు గుర్తుపెట్టుకోండి, జీన్ డ్రైవ్ అవసరం ఇక్కడే అర్థమవుతుంది.

తర్వాతి లక్ష్యం హరియాణాలోని సోనీపత్. ఈసారి ఏడిస్ ఈజిప్టై. 1974లో పత్రికల్లో దుమారం రేగింది. మలేరియా తిరగబెడుతుంటే పసుపు జ్వరం మోసే దోమ మీద పరిశోధన ఎందుకు? ఆ జ్వరం మన దేశంలోనే లేదు కదా! ఇది జీవాయుధాలకు సన్నాహమా? దోమలను వంధ్యం చేసే థయోటెపా అనే రసాయనం మీదా భయాలు లేచాయి. ఈ అనుమానాలను పిచ్చివని కొట్టిపారేయకండి. అమెరికా నిజంగానే 1950లలో ఏడిస్ దోమలను ఆయుధంగా వాడే అవకాశాన్ని పరీక్షించింది. 1971లో బంగాళాఖాతానికి వచ్చిన ఏడో నౌకాదళం ఇంకా అందరికీ గుర్తుంది.

జ్యోతిర్మయి బసు అధ్యక్షతన ప్రజా పద్దుల సంఘం 1975లో ఇచ్చిన 167వ నివేదిక ఈ ప్రాజెక్టునే కాదు, విదేశీ సాయంతో సాగిన వలస పక్షుల అధ్యయనాన్ని కూడా తప్పుబట్టింది. సోనీపత్‌లో దోమలు వదలకుండానే యూనిట్ మూతపడింది.

నా ఉద్దేశంలో జీవాయుధ ఆరోపణ నిలిచేది కాదు. ఎవరి సొమ్ముతో, ఎవరి ప్రయోజనం కోసం అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. నష్టం ఇంకోచోట జరిగింది. "మనకు అక్కరలేని దోమ" అనుకున్న ఆ ఏడిసే 1996లో ఢిల్లీలో డెంగీతో 400 మందికి పైగా ప్రాణాలు తీసింది. సోనీపత్ ప్రయోగం జరిగి ఉంటే అది ఆగేదని ఎవరూ చెప్పలేరు, మీరూ అలా రాయకండి. కానీ ఆ దారిలో మన అనుభవం అక్కడే ఆగిపోయింది.

ఆ యూనిట్‌లో పనిచేసినవారిలో క్రిస్ కర్టిస్ ఒకరు. కావలసిన జన్యువును కీటకాల జనాభా అంతటా వ్యాపింపజేయవచ్చని ఆయన 1968లోనే ప్రతిపాదించారు. ఈ ఆలోచనకు 2003లో ఆస్టిన్ బర్ట్ కొత్త రూపమిచ్చారు. సాధారణ జన్యువు సంతానంలో సగం మందికే చేరుతుంది, డ్రైవ్ ఉన్నది దాదాపు అందరికీ చేరుతుంది. కాబట్టి పక్క ఊరి నుంచి వచ్చిన దోమ సంతానం కూడా తప్పించుకోలేదు. 2015లో కాలిఫోర్నియా బృందం దీన్ని మన పట్టణ మలేరియా దోమ అనాఫిలిస్ స్టెఫెన్సైలోనే చేసి చూపింది. 2018లో లండన్ ప్రయోగశాలలో పంజరంలోని అనాఫిలిస్ గాంబియే దోమల జనాభా 7 నుంచి 11 తరాల్లో కుప్పకూలింది.

తేడా చూడండి. సోనీపత్‌లో వదలాలనుకున్న దోమలు వదలడం ఆపితే కొన్నాళ్లకు కనుమరుగయ్యేవి. డ్రైవ్ దోమ జిల్లా సరిహద్దు దగ్గరే కాదు, దేశ సరిహద్దు దగ్గర కూడా ఆగదు. పంజాబ్‌లో వదిలితే లాహోర్ అనుమతి ఎవరు తీసుకోవాలి? 2018లో జీవవైవిధ్య ఒప్పంద దేశాలు స్థానికుల ముందస్తు సమ్మతి గురించి మాట్లాడాయి, అయితే పొరుగు దేశపు సమ్మతిని ఎలా పొందాలో సార్క్ ప్రాంతంలో ఏ యంత్రాంగమూ లేదు. మన జీఈఏసీ 1989 నిబంధనల కింద పనిచేస్తుంది, దాని అధికారం వాఘా దగ్గర ముగుస్తుంది.