వెదుకులాటలో ఎవరి వాటా ఎంత?

నాయుడుపేట దగ్గర చెన్నయి – కలకత్తా జాతీయ రహదారి నుండి శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి పోయే రోడ్డు చీలుతున్నది. ఆ కూడలిలో ఇద్దరు విద్యార్థులను నిలిపి, ప్రయాణంలో బస్సుల వాటా ఎంతో లెక్క కట్టమన్నామనుకొందాం. ఒక గంటలో 20 బస్సులు, 180 మోటారు సైకిళ్లు పోయినవనుకొందాం. వాహనాలను లెక్కపెట్టిన విద్యార్థి బస్సుల వాటా 10 శాతం అంటాడు. రెండవవాడు మనుషులను లెక్కపెట్టినాడు. బస్సుకు 45 మంది, మోటారు సైకిలుకు ఇద్దరు చొప్పున వేసుకొంటే మొత్తం 1260 మందిలో 900 మంది బస్సుల్లో పోయినారు. కనుక వాటా 71 శాతానికి పైగా వచ్చినది. ఇద్దరి గుణింతమూ సరియైనదే. వారు ‘ఒకటి’ అనుకొన్నది మాత్రం వేరు.

అంతర్జాలంలో మనం కోరిన విషయాన్ని వెదికి పెట్టే సెర్చి ఇంజన్ల వాటాలను కొలవటంలో కూడా చిక్కు ఇదే. ఈ కొలతల చరిత్ర గణితంతో మొదలై న్యాయస్థానం దాకా సాగినది.

1990లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అలాన్ ఎంటేజి ‘ఆర్చీ’ అనే సాధనాన్ని తయారుచేసినాడు. అది ఫైళ్ల పేర్లను మాత్రమే వెదకగలిగేది. 1994లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ‘లైకోస్’ పుట్టినది. అప్పుడు అక్కడి కంప్యూటర్ విజ్ఞాన విభాగానికి అధిపతి మన చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి గారు. 1995 డిసెంబరులో ‘ఆల్టావిస్టా’, 1998లో ‘గూగుల్’ సంస్థ వచ్చినవి.

మొదట్లో వీటి వాటాలు ఎవరికీ పట్టలేదు. ప్రకటనల సొమ్ము రావటం మొదలైన తరువాతనే లెక్క అవసరమైనది. ఎక్కువ మంది చూచే చోట ప్రకటనకు ఎక్కువ ధర పలుకుతుంది గదా! 1996లో రంగంలోకి వచ్చిన మీడియా మెట్రిక్స్ సంస్థ, అంగీకరించిన కొన్ని కుటుంబాల కంప్యూటర్లలో ఒక చిన్న ప్రోగ్రామును పెట్టి, వారు ఏయే చోట్లకు పోతున్నారో నమోదు చేసినది. అన్నం ఉడికినదో లేదో ఒక మెతుకు పట్టి చూచినట్లే ఇది. నెలలో నూటికి ఎంతమంది ఒక చోటికి పోయినారన్నది దాని ముఖ్యమైన కొలత. ఒకసారి పోయినవాడూ, నూరుసార్లు పోయినవాడూ ఈ లెక్కలో సమానమే. 1999లో స్థాపించబడి, 2002లో మీడియా మెట్రిక్స్‌ను కొన్న కామ్‌స్కోర్ సంస్థ మనుషులను గాక, వారు అడిగిన ప్రశ్నలను లెక్కించి వాటాలు ప్రకటించసాగినది.

మూడవ పద్ధతి ఐర్లండులోని స్టాట్‌కౌంటర్ సంస్థది. లక్షలకొలది వెబ్‌సైట్లలో తన లెక్కింపు గుర్తును ఉంచి, ఆ పుటలకు వచ్చినవారిని ఏ సెర్చి ఇంజన్ పంపినదో ఇది చూస్తుంది. ఇందులో కొలవబడేది ప్రశ్న కాదు, ప్రశ్న తరువాత వేసిన అడుగు. తిరుపతిలో వర్షం పడుతుందా అని అడిగి, జవాబు అక్కడికక్కడే చదువుకొని ఊరుకున్నవాడు ఈ లెక్కకు అందడు.

2009లో మైక్రోసాఫ్ట్ సంస్థ ‘బింగ్’ను విడుదల చేసినది. ఆ విభాగపు ఇంజనీరింగు పనిని నడిపినవారిలో ముఖ్యుడు హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల. అదే సంవత్సరం యాహూ సంస్థ తన వెదుకులాటకు బింగ్ యంత్రాన్నే వాడుకొనేందుకు ఒప్పందం చేసుకొన్నది. ఇక యాహూలో అడిగిన ప్రశ్న ఎవరి ఖాతాలో పడవలెను? దుకాణం పేరునుబట్టియా, సరుకు తయారుచేసినవానినిబట్టియా? 2010లో మరొక తగవు వచ్చినది. వరుసగా అమర్చిన బొమ్మలను ఒక్కొక్కటిగా చూస్తూ పోతే, ప్రతి నొక్కూ ఒక ప్రశ్నగా లెక్కలో చేరినది. దానితో కామ్‌స్కోర్, మనిషి కావాలని అడిగిన ప్రశ్నలను వేరుచేసి చూపవలసి వచ్చినది.

ఈ తేడాలు చిన్నవని అనుకోరాదు. 2009 చివర అమెరికాలో గూగుల్ వాటా సుమారు 65 శాతమని కామ్‌స్కోర్ ప్రకటించినది. తరువాత అక్కడి న్యాయస్థానం అదే సంవత్సరానికి చెప్పిన అంకె 80 శాతం. ఒకే దేశం, ఒకే ఏడు. కాని రెండూ ఒకే తక్కెడలో తూచినవి కావు. కామ్‌స్కోర్ తన హారంలో ఐదు పెద్ద సంస్థలలో జరిగిన వెదుకులాటలను వేసుకొన్నది. అప్పటి ఆ లెక్కలో మొబైలు ఫోన్లు లేవు.

ఆ తీర్పు కథ ఇది. 2020 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం గూగుల్‌పై దావా వేసినది. ఇతర వస్తువులను వెదికే అమెజాన్ వంటి చోట్లను కూడా హారంలో చేర్చవలెనని గూగుల్ వాదించినది. హారం పెరిగితే వాటా తగ్గును గదా! 2023 అక్టోబరులో సాక్ష్యమిచ్చిన సత్య నాదెళ్ల, పొద్దున లేచి పళ్లు తోముకొన్నట్లే జనానికి గూగుల్‌లో వెదకటం అలవాటైపోయినదని చెప్పినారు. 2024 ఆగస్టు 5న న్యాయమూర్తి అమిత్ మెహతా, అన్ని విషయాలనూ వెదికే ఇంజన్లు వేరే విపణి అని తేల్చినారు. 2020లో అందులో గూగుల్ వాటా 89.2 శాతం, మొబైలు ఫోన్లలో 94.9 శాతం. బింగ్‌ది సుమారు 6 శాతం. వాటా పెద్దదైనంత మాత్రాన నేరం కాదు. ఫోన్లలో, బ్రౌజర్లలో తన ఇంజనే ముందుగా ఉండేటట్లు ఒక్క 2021లోనే 2630 కోట్ల డాలర్లు చెల్లించి ఆ వాటాను నిలుపుకొన్న తీరు చట్టవిరుద్ధమైనదని తీర్పు. మన దేశంలో కూడా కాంపిటీషన్ కమిషన్ 2018 ఫిబ్రవరిలో వెదుకులాట ఫలితాల చూపింపులో పక్షపాతానికి గూగుల్‌పై 135.86 కోట్ల రూపాయల జరిమానా వేసినది. అప్పుడూ విపణి ఏది అని ముందు నిర్ణయించిన తరువాతనే తక్కిన విచారణ సాగినది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటినుండి, సెర్చి ఇంజనును అడిగే ప్రశ్నలనే మాట్లాడే యంత్రాలనూ అడగటం పెరిగినది. ఇది వెదుకులాట అవునా, కాదా? హారం సమస్య మళ్లీ మొదటికి వచ్చినది.

కనుక పత్రికలో ఏ శాతం కనిపించినా, ఉపాధ్యాయులు తరగతిలో మూడు ప్రశ్నలు అడిగించవలెను. దేనిని ఒకటిగా లెక్కించినారు? ఎక్కడ నిలబడి లెక్కించినారు? హారంలో ఎవరిని చేర్చి, ఎవరిని విడిచినారు? లవం మీద జరిగే తగవులకంటె హారం మీద జరిగే తగవులే పెద్దవని విద్యార్థులకు అప్పుడు తెలియును. ఒక వారంపాటు తమ ఇంటివారు దేనిని, ఎన్నిసార్లు అడిగినారో విద్యార్థులచేత రాయించి, మనుషుల లెక్కన ఒకసారి, ప్రశ్నల లెక్కన ఒకసారి వాటాలు కట్టించండి. భిన్నాల పాఠానికి అంతకంటె మంచి అభ్యాసం దొరకటం కష్టం.