బొమ్మ కెమెరా ముందు క్వీర్ ముఖం: సేడీ బెన్నింగ్ తొలి వీడియోల్లో చూపు మీద అధికారం

వీడియో కళకు మూలం ఆత్మమోహమేనని కళా విమర్శకురాలు రోసలిండ్ క్రౌస్ 1976లో ‘అక్టోబర్’ పత్రిక తొలి సంచికలో వాదించారు. కెమెరాకూ మానిటర్‌కూ మధ్య చిక్కిన దేహం అద్దం ముందున్నట్టు తనలోనే మునిగిపోతుందనీ, బయటి లోకం పక్కకు తప్పుకుంటుందనీ ఆమె పరిశీలన. అంతకు ఏడాది ముందు సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ, హాలీవుడ్ సినిమా పురుషుణ్ణి చూసేవాడిగానూ స్త్రీని చూపులకు వస్తువుగానూ నిలబెడుతుందని విశ్లేషించారు. క్వీర్ స్వీయచిత్రానికి ఈ రెండు వాదాలూ పూర్తిగా సరిపోవు. క్వీర్ దేహాన్ని కెమెరా పట్టకముందే లోకం చూసి, పేరుపెట్టి, తీర్పు కూడా చెప్పేసి ఉంటుంది. కాబట్టి అక్కడ తనను తాను చూసుకోవడమంటే ఆ తీర్పుకు జవాబు చెప్పడమే. అమెరికాకు చెందిన సేడీ బెన్నింగ్ 1989–92 మధ్య తీసిన వీడియోల్లో ఈ జవాబు ఏ రూపం తీసుకుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1973లో పుట్టి మిల్వాకీలో పెరిగిన బెన్నింగ్‌కు పదిహేనేళ్ల వయసులో తండ్రి, ప్రయోగాత్మక చిత్రాల దర్శకుడు జేమ్స్ బెన్నింగ్, ఒక పిక్సెల్‌విజన్ కెమెరా ఇచ్చారు. ఫిషర్-ప్రైస్ కంపెనీ 1987లో పిల్లల కోసం తెచ్చిన బొమ్మ అది. పాటలు వినే ఆడియో క్యాసెట్టు మీదే దృశ్యాన్నీ శబ్దాన్నీ ఎక్కించుకుంటుంది. అందుకు టేపు మామూలు కంటే దాదాపు 9 రెట్లు వేగంగా తిరగాలి. వచ్చేది నలుపు తెలుపుల గరుకు దృశ్యం, దాని చుట్టూ నల్లటి అంచు. ఫోకస్ మార్చే వీలు లేకపోయినా లెన్సుకు బాగా దగ్గరగా ఉన్నవాటిని కూడా పట్టగలదు.

బెన్నింగ్ శైలి ఈ పరిమితుల మీదే నిలబడింది. తెర నిండా ఒక కన్ను, లేదా పెదవులు కనిపిస్తాయి. ఆడా మగా తేల్చుకోవాలని చూసే ప్రేక్షకుడికి నిలువెత్తు రూపం చిక్కదు. ‘ఎ న్యూ ఇయర్’ (1989)లో కెమెరా ముఖాన్నే వదిలేసి గదినీ కిటికీనీ పట్టుకుంటుంది. ‘మీ అండ్ రూబీఫ్రూట్’లో ఇద్దరమ్మాయిల మధ్య పెళ్లి ప్రస్తావన చేతిరాత కాగితాల మీద లెన్సు ముందు నుంచి మెల్లగా జరుగుతూ పోతుంది. ప్రేక్షకుడు ఒక్కో మాటా కూడబలుక్కోవాలి. ఎంత కనిపించాలో, ఎంతసేపట్లో తెలియాలో నిర్ణయించేది ఇక్కడ చూసేవాళ్లు కాదు.

‘ఇట్ వజంట్ లవ్’ (1992) వచ్చేసరికి ఎత్తుగడ మారింది. దాపరికం పోయి వేషధారణ వచ్చింది. గ్యాంగ్‌స్టర్, తిరుగుబాటు కుర్రాడు, బంగారు జుట్టు తార, ఇలా హాలీవుడ్ మూసలన్నీ బెన్నింగే ధరిస్తారు. కథలో ఇద్దరమ్మాయిలు హాలీవుడ్‌కని బయల్దేరి ఒక ఫ్రైడ్ చికెన్ హోటల్ పార్కింగ్ దాటి పోరు. మల్వీ చెప్పిన ఏర్పాటు ఇక్కడ తలకిందులవుతుంది. చూసేదీ, చూపుకు నిలబడేదీ, మగవేషం కట్టేదీ ఒక్కరే.

1993లో విట్నీ మ్యూజియం బైయెనియల్ ప్రదర్శనలో ఈ వీడియోలకు చోటు దక్కింది. పడకగది నుంచి మ్యూజియంకు చేరిన ఇలాంటి పనిని ఒక అమ్మాయి డైరీగా, నిజాయితీ గల ఒప్పుకోలుగా చదవడం తేలిక. ఆ పఠనం మెచ్చుకుంటూనే కత్తిరింపును, వేషాన్ని, చేతిరాతను మరుగున పడేస్తుంది. పైగా దాచుకున్నదేదో బయటపెట్టాల్సిన బాధ్యతను మళ్లీ క్వీర్ మనిషి మీదే మోపుతుంది. ఈ వీడియోల్లో గుర్తింపు రహస్యం కాదు. దాన్ని చూసే షరతులను రాసే హక్కే అసలు వివాదం. క్వీర్ స్వీయచిత్రాన్ని విమర్శకులు ఎంత బయటపెట్టిందన్న కొలతతో కాక, ఆ షరతులను ఎలా నిర్మించిందన్న ప్రశ్నతో చదవాలి.